పలికితేనే లోపలికి

మా గదిలో అసలు పేర్లు నిషేధం. గ్రంథాలయం మేడమీద పాత పత్రికల బీరువాలను ఒక మూలకు నెట్టి, నాలుగు బల్లల మీద కంప్యూటర్లు సర్దిన గది అది. కొత్తగా వచ్చిన పిల్లలకు గడప దగ్గరే చెప్పేస్తాను. ఇక్కడ పేరు చెప్పకూడదు, బడి చెప్పకూడదు, ఇల్లెక్కడో చెప్పకూడదు. ఒక మారుపేరు పెట్టుకుని కూర్చోండి అని. "మరి మీ పేరేంటి మేడం?" అని ఒకడు తెలివి చూపించబోతే, "చెప్పను" అన్నాను. దాంతో వాళ్ళే నాకు గుడ్లగూబ అని పెట్టుకున్నారు. నా కళ్ళు కాస్త పెద్దవే లెండి. కోపం రాలేదంటే అబద్ధం, కానీ పాఠం ఎక్కిందని సర్దుకుపోయాను.

ఇంటర్నెట్టులో మన సంగతులు మనవిగా ఎలా కాపాడుకోవాలో, అక్కడ మనకున్న హక్కులేమిటో బడి ఈడు పిల్లలకు నేర్పడం నా ఉద్యోగం. ఉపన్యాసం మొదలుపెడితే ఆవలింతలు. భయపెడితే నవ్వులు. చివరికి విసుగెత్తి, ప్రోగ్రాములు రాసే మా మరిది ప్రాణం తోడి ఒక ఆట రాయించుకున్నాను. దాని పేరు తలుపు ఆట.

తెర మీద ఒక చిన్న వీధి ఉంటుంది. ప్రతివాళ్ళూ అక్కడ ఒక గది కట్టుకుని, లోపల ఏం కావాలంటే అది పెట్టుకోవచ్చు. ఫోటో, బొమ్మ, ఎవరికీ చెప్పని మాట, ఏదైనా. తలుపుకు ఒక రహస్యపు మాటతో తాళం వేయాలి. మన ఫోను ఎవరైనా కాజేసినా సరే, ఆ మాట తెలియనిదే గది తెరుచుకోదు. ఇంకొకరి గదిలోకి వెళ్ళాలంటే తలుపు కొట్టాలి. టక్ టక్ మని చప్పుడు గదిలోని అన్ని కంప్యూటర్లలోంచీ వినిపిస్తుంది. లోపలివాళ్ళు "రా" అంటే వెళ్ళాలి, "వద్దు" అంటే తిరిగి రావాలి. ఏమీ అనకపోతేనే అసలు పరీక్ష. మాట ఊహించి తాళం తీయబోయినవాడు ఓడిపోయినట్టే, వాడి ఇల్లు వీధిలోంచి లేచిపోతుంది. పలికితేనే లోపలికి, పలక్కపోతే వద్దన్నట్టే. ఈ ఒక్క ముక్కా వాళ్ళ బుర్రకెక్కించడానికి నా గొంతు పోయింది.

ఆట కట్టేసి వెళ్ళిపోయినవాళ్ళ బొమ్మ తన గడప మీద మోకాళ్ళలో తల పెట్టుకుని కూర్చుంటుంది. పేరు పక్కనున్న చుక్క బూడిదరంగుకి మారుతుంది. మళ్ళీ వచ్చినప్పుడు పచ్చబడుతుంది.

ఆ వీధిలో పావురం అనే వాడి ఇల్లు ఒకటుంది. పొడుగ్గా, ఎప్పుడూ ఏదో పాట కూనిరాగం తీస్తూ ఉండేవాడు. వాడి బొమ్మ కూడా నడిచేది కాదు, గెంతేది. ఎండలు ముదరకముందు ఒకరోజు బడికి వెళుతూ రోడ్డు దాటబోయి లారీ కింద పడి పోయాడు. ఇంటిని తీసేయమని నాకెవరూ చెప్పలేదు, ఉంచమనీ చెప్పలేదు. వాడి బొమ్మ గడప మీద అలా కూర్చునే ఉంది. పిల్లలు వాడి ఇంటిముందు నుంచి వెళ్ళేటప్పుడు బొమ్మల్ని కాస్త పక్కగా నడిపించేవాళ్ళు. నేను చూడనట్టే ఊరుకునేదాన్ని.

వాడి చెల్లెలు కూడా మా దగ్గరికే వస్తుంది. మారుపేరు మిణుగురు. అన్నయ్య పోయాక కొన్నాళ్ళు మానేసి మళ్ళీ వచ్చింది. అన్నయ్య ఇంటి పక్కనే తన ఇల్లు. వచ్చి కూర్చుంటుంది, చెప్పింది చేస్తుంది, వెళ్ళిపోతుంది. ఎలా ఉన్నావమ్మా అని అడగడానికి నాకే నోరు వచ్చేది కాదు.

వర్షాలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం పిల్లలంతా ఎవరి గదుల్లో వాళ్ళు తలదూర్చి ఉన్నారు. ఉన్నట్టుండి టక్ టక్ అని వినిపించింది. ఎవరూ పట్టించుకోలేదు. మళ్ళీ టక్ టక్.

"ఎవడ్రా అది, పలకడం లేదంటే వద్దనేగా!" అని అరిచాను.

నోరు మూతపడని ఒకడున్నాడు, వాడు ఇంజను అనే పేరు ఊరికే పెట్టుకోలేదు. వాడు లేచి నిలబడ్డాడు. వాడి నోట మాట రాకపోవడం నేను చూడటం అదే మొదటిసారి. తెరకేసి చెయ్యి చూపించాడు.

పావురం పేరు పక్కన చుక్క పచ్చగా ఉంది.

బొమ్మ గడప మీద లేదు. లేచి, తన ఇంటి తలుపుకే ఎదురుగా నిలబడి, తన తలుపే తను కొడుతోంది. గెంతడం లేదు. ఒక అడుగు వెనక్కి వేసి, గోడకు కొట్టుకుని, మళ్ళీ తలుపు దగ్గరికి వచ్చి, టక్ టక్. పిల్లలు ఒకళ్ళనొకళ్ళు పట్టుకున్నారు. ఇంజను "నువ్వేనా?" అని రాశాడు. తలుపు చప్పుడు మాత్రం ఆగలేదు.

మిణుగురు ఒక్కతే బెదరలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని తెరవంక చూస్తూ, "దయ్యం కాదు. మా నాన్న" అంది.

ఆ తర్వాత ఏం పాఠం చెప్పానో నాకే తెలియదు. "రోజూ అంతేనా?" అని మిణుగురును అడిగితే, "రాత్రిళ్ళు మేం పడుకున్నాక ఆడతాడు. ఇవాళ పగలే నొక్కాడు, అందుకే ఇక్కడ వినిపించింది" అని చెప్పి సంచీ సర్దుకుంది.

వాళ్ళ నాన్నది కళ్ళజోళ్ళ దుకాణం, గ్రంథాలయానికి రెండు వీధుల అవతల. మర్నాడు వెళ్ళాను. గోడ నిండా అద్దాల్లేని ఫ్రేములు వరసగా వేలాడుతున్నాయి. వాటిలోంచి ఎవరో చూస్తున్నట్టు అనిపించి చూపు తిప్పుకున్నాను. ఆయన అలవాటుకొద్దీ నన్ను అక్షరాల పటానికి ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చోమన్నాడు. చిన్న చిన్న మరలు పోసుకున్న పళ్ళెం పక్కన ఒక ఫోను, బోర్లించి ఉంది.

"ఆ బొమ్మని నడిపేది మీరేనా అండీ?" అన్నాను.

ఆయన తల వంచుకున్నాడు. "పిల్లలు భయపడ్డారా?"

"పడ్డారు. నేనూ పడ్డాను."

"క్షమించండమ్మా. వాడి ఫోన్లో ఆ ఆట నొక్కగానే తెరుచుకుంది. బొమ్మ నా మాట వింటోంది, నడుస్తోంది. తలుపు మాత్రం రావడం లేదు." చొక్కా అంచుతో ఒక అద్దాన్ని తుడుస్తూనే ఉన్నాడు. అది ఎప్పుడో శుభ్రపడింది. "ఆ రోజు పొద్దున వాడి మీద కేకలేశాను. ఆ ఫోన్లో తల దూర్చి కళ్ళు పోగొట్టుకో, అందరికీ చూపు అమ్మేవాడి కొడుకువి, నువ్వు గుడ్డివాడివైపో అన్నాను. అనేసి దుకాణానికి వచ్చేశాను. తర్వాత కబురొచ్చింది. ఇంటికి వెళ్ళి చూస్తే వాడి కళ్ళజోడు బల్ల మీదే ఉంది."

నా చూపు ఆ పళ్ళెం పక్కన ఫోను మీదికి పోయింది.

"వాడి కళ్ళు పరీక్ష చేసింది నేనే కదమ్మా. అద్దాలు లేకపోతే ఎదురుగా వచ్చే బండి కూడా ఆనదు వాడికి. మరిచిపోయి వెళ్ళాడా? నా మీద కోపంతో వదిలేసి వెళ్ళాడా? లేకపోతే..." అని ఆగిపోయాడు. కావాలనేనా అన్న మాట ఆయన పైకి అనలేదు. "ఆ గదిలో ఏదో రాసుకుని ఉంటాడు. నాకు తెలియాలి. తిట్టినా సరే, తెలియాలి."

"ఏమీ రాసుకుని ఉండకపోవచ్చు కూడా. మీ అమ్మాయిని..."

"దానికేం తెలుసు, చిన్నపిల్ల!" అన్నాడు. "మీరు తీయలేరా?"

తీయడం కుదరదని చెప్పేస్తే పోయేది. నోటిదాకా వచ్చింది. కానీ ఆ మొహం చూస్తూ అనలేకపోయాను. "కనుక్కుంటాను" అని లేచాను.

ఆ సాయంత్రం మా మరిది గ్రంథాలయానికి వచ్చాడు. సంగతి చెప్పాను.

"నిమిషం పని వదినా. తాళాలు రాసినవాణ్ణి నేనే కదా, నాకు అడ్డేముంటుంది?" అన్నాడు, వేడినీళ్ళు కాచి ఇస్తానన్నంత తేలిగ్గా.

"అంటే నువ్వు ఏ తలుపైనా తీయగలవా?"

"తీయగలను. ఎప్పుడూ తీయలేదనుకో."

"ఈ మాట నాకెప్పుడూ చెప్పలేదేం?"

"నువ్వెప్పుడూ అడగలేదుగా!"

ఒళ్ళు మండిపోయింది. ఈ తలుపులు మీవి, వీటిని ఎవరూ తీయలేరు అని ఇన్నాళ్ళూ పిల్లల ముందు గొంతు చించుకున్నది నేను. దులిపేద్దామని నోరు తెరిచేసరికి గుమ్మంలో ఇంజను నిలబడి ఉన్నాడు. మరిచిపోయిన గొడుగు కోసం వచ్చాడట. వాడి మొహం చూస్తే అంతా విన్నాడని అర్థమైంది.

మర్నాటికి గదంతా పాకిపోయింది. పిల్లలు వచ్చారు గానీ ఎవరూ ఆట మొదలుపెట్టలేదు. ఇద్దరు ముగ్గురు తమ గదుల్లో ఉన్నవన్నీ చెరిపేస్తున్నారు. ఎప్పుడూ నవ్వుతూ ఉండే ఒక పిల్ల ఏడుస్తూ చెరుపుతోంది. ఏం దాచుకుందో తెలియదు, తెలుసుకునే హక్కు నాకు లేదు.

"వాళ్ళ నాన్న అడిగాడు కాబట్టి తీస్తారు. రేపు మా నాన్న అడిగితే?" అన్నాడు ఇంజను.

"నువ్వు బతికే ఉన్నావు కదరా!" అనేశాను. అన్న వెంటనే నాలుక కరుచుకున్నాను.

"పోతే గది ఉండదా మేడం?"

కొడుకు పోయిన తండ్రి, రాత్రింబవళ్ళు నలిగిపోతున్నాడు, ఒక్కసారి లోపలికి చూస్తే ఏం పోతుంది అని ఒక మనసు. ఆ కుర్రాడు నేను చెప్పిన మాట నమ్మి తాళం వేసుకున్నాడు అని ఇంకో మనసు. రెండూ నావే. ఏదీ తగ్గడం లేదు.

అప్పుడు మిణుగురు లేచింది. "మా నాన్నకి ఈ ఆట రాదు మేడం. అన్నయ్య బొమ్మతో తలుపు కొట్టడం ఒక్కటే వచ్చు. తన గది తను కట్టుకుని ఒక్కసారి ఆడమనండి. తర్వాత కూడా తీయమంటే తీసెయ్యండి. నేనేం అనను."

కబురు పెడితే మర్నాడు ఆయన వచ్చాడు. దుకాణం మూసి, తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. కొడుకుని చూడబోతున్నవాడిలా ఉన్నాడు. మా మరిది పక్క బల్ల దగ్గర కంప్యూటరు తెరిచి సిద్ధంగా కూర్చున్నాడు. ఒక ఆట ఆడాలని చెబితే ఆయన మారు మాట్లాడలేదు. తీయడానికి అదీ ఒక పద్ధతి అనుకున్నట్టున్నాడు. ముందు కొడుకు ఫోనులో ఆట కట్టేయమన్నాను. కట్టేశాడు. పావురం బొమ్మ గడప మీద కూర్చుని మోకాళ్ళలో తల పెట్టుకుంది. ఆయన ఆ బొమ్మను అలా చూడటం అదే మొదటిసారి కాబోలు, చాలాసేపు ఫోను దించలేదు.

మారుపేరు పెట్టుకోమంటే ఆలోచించి "కళ్ళజోడు" అని పెట్టుకున్నాడు. పిల్లలెవరూ నవ్వలేదు. గది కట్టాడు. ఇంజను పక్కన నిలబడి, ఇక్కడ నొక్కండంకుల్, అక్కడ నొక్కండంకుల్ అని సాయం చేశాడు.

"ఇప్పుడు లోపల ఏదైనా పెట్టండి. ఎవరికీ చెప్పనిది" అన్నాను.

ఆయన ఇంజను వంక చూశాడు. వాడు అర్థం చేసుకుని దూరంగా వెళ్ళాడు. ఒక చేత్తో తెరకు అడ్డం పెట్టుకుని, ఇంకో చేతి వేలితో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాశాడు. మధ్యలో ఆగి కళ్ళు తుడుచుకున్నాడు. మళ్ళీ రాశాడు. తాళం వేశాడు.

మిణుగురు తన కంప్యూటరు ముందు కూర్చుంది. దాని బొమ్మ వీధిలో నడుచుకుంటూ వచ్చి ఆ కొత్త తలుపు ముందు ఆగింది.

టక్ టక్.

గదిలో అన్ని కంప్యూటర్లూ ఒక్కసారే మోగాయి. ఆయన ఉలిక్కిపడ్డాడు. చెయ్యి మీట దాకా వెళ్ళి ఆగిపోయింది.

టక్ టక్.

ఆయన పలకలేదు. తెరకు అడ్డం పెట్టిన చెయ్యి తీయలేదు. తలుపు ఎవరైనా విరగ్గొట్టేస్తారేమో అన్నట్టు కుర్చీలో బిగుసుకుపోయి కూర్చున్నాడు. మిణుగురు బొమ్మ కాసేపు నిలబడి, వెనక్కి తిరిగి, తన ఇంటికి వెళ్ళిపోయింది. ఆయన అప్పుడు ఊపిరి వదిలాడు.

"వెళ్ళిపోయావేం తల్లీ?"

"నువ్వు పలకలేదు కదా నాన్నా."

"పలకలేను... అందులో ఉన్నది నువ్వు చూడకూడదు."

"అందుకే వెళ్ళిపోయాను."

ఆయన కూతురి వంక చూశాడు. మా మరిది వేళ్ళు మీటల మీద ఉన్నాయి, నా సైగ కోసం చూస్తున్నాడు. పిల్లలంతా ఆయననే చూస్తున్నారు. ఎవరి గదుల మీద వాళ్ళు చేతులు కప్పుకున్నట్టే ఉంది నాకు.

"వద్దు బాబూ. ఉండనీ" అన్నాడు చివరికి. "నేను ఇన్నాళ్ళూ కొట్టాను. వాడు పలకలేదు."

మా మరిది కంప్యూటరు మూసేశాడు. ఇంజను ముక్కు ఎగబీల్చాడు. నేను కిటికీ వైపు తిరిగాను, ఏడుపొచ్చి.

"నాన్నా," అంది మిణుగురు. "గదిలో ఏముందో నాకు తెలీదు. కళ్ళజోడు సంగతి తెలుసు."

ఆయన కూతురి వైపు కుర్చీ తిప్పుకున్నాడు.

"అన్నయ్య రోజూ వీధి మలుపు తిరగ్గానే అద్దాలు తీసి జేబులో పెట్టుకునేవాడు. బళ్ళో నాలుగుకళ్ళోడా అని ఏడిపిస్తారని. నువ్వు చూస్తుంటేనే పెట్టుకునేవాడు. ఆ రోజు నువ్వు ముందే దుకాణానికి వెళ్ళిపోయావు. ఇంక చూసేవాళ్ళెవరని బల్ల మీదే వదిలేశాడు. కోపం లేదు, ఏం లేదు. పాట పాడుకుంటూ బూట్లేసుకున్నాడు. నేనక్కడే ఉన్నాను."

అది వాడి గదిలోది కాదు. ఆ పిల్ల తన కళ్ళతో చూసింది, తన దగ్గరే పెట్టుకుంది. చెప్పుకోవాలో వద్దో తేల్చుకోవలసింది ఆ పిల్లే.

"నాకెందుకు చెప్పలేదే ఇన్నాళ్ళూ?" ఆయన గొంతులో కోపం లేదు, బతిమాలుతున్నట్టుంది.

"నువ్వు అడగలేదు. రోజూ రాత్రంతా అన్నయ్య తలుపు దగ్గరే నిలబడ్డావు. నా ఇల్లు పక్కనేగా నాన్నా."

ఆ పిల్ల రోజూ నా ఎదురుగా కూర్చుంది. నేనూ అడగలేదు.

ఆయన తెరవైపు తిరిగి, మళ్ళీ మీటలమీద చెయ్యి వేశాడు. కళ్ళజోడు బొమ్మ గోడలకు కొట్టుకుంటూ, వెనక్కీ ముందుకీ తూలుతూ వీధిలో నడిచింది. పావురం గడప దగ్గర ఆగింది. అక్కడ ఆ బొమ్మ మోకాళ్ళలో తల పెట్టుకుని కూర్చుని ఉంది. దాని పక్కన కాస్త నిలబడి, ఆ తలుపు కొట్టకుండానే దాటింది. పక్కింటి తలుపు దగ్గరికి వెళ్ళింది.

టక్ టక్.

తండ్రీ కూతుళ్ళ కుర్చీల మధ్య ఒక మనిషి పట్టేంత చోటు. అయినా ఇద్దరూ తెరలవంకే చూస్తున్నారు. మిణుగురు పలకలేదు. పెదవి కొరుక్కుంటూ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆట ప్రకారం ఆయన వెనక్కి రావాలి. రాలేదు, తాళమూ ముట్టుకోలేదు. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, "ఇక్కడే ఉంటానమ్మా. నీకు ఎప్పుడు చెప్పాలనిపిస్తే అప్పుడు" అని రాశాడు.

కింద గ్రంథాలయం మూసే గంట కొట్టారు. పిల్లలు సంచులు తగిలించుకున్నారు గానీ ఎవరూ మెట్లు దిగలేదు. అప్పుడు ఆ పిల్ల "రా" అని రాసింది. తలుపు తెరుచుకుంది. లోపల ఏముందో మేమెవరమూ చూడలేదు. ఆయన చూశాడు. చూసి, కుర్చీలోంచి లేచి, కూతురి తల తన పొట్టకు అదుముకుని భోరుమన్నాడు.

తర్వాత మా మరిదిని ఊరుకోనివ్వలేదు. పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని, వాళ్ళ కళ్ళముందే తాళాలన్నీ మార్చి రాయించాను. ఇప్పుడు వాడు కూడా తీయలేడు. పావురం గదిలో ఏముందో ఇక ఎవరికీ తెలియదు.

రోజూ పిల్లలు వెళ్ళిపోయాక ఫ్యాన్లు ఆపేసి, కంప్యూటర్లన్నీ కట్టేసి, ఆఖరుది కట్టే ముందు నేను ఆ ఇంటిదాకా వెళతాను. వాడు గడప మీద కూర్చునే ఉంటాడు. టక్ టక్ మని ఒక్కసారి కొడతాను. ఖాళీ గదిలో ఆ చప్పుడు వినడానికి నాకు ఇప్పటికీ భయమే. కాసేపు చూస్తాను. పలకడు. "సరే నాయనా" అనుకుని, కంప్యూటరు కట్టేసి మెట్లు దిగుతాను.